చెల్లి చదువుకు కంప్యూటర్: పాత పెట్టెలు రెండు, చేతిలో పదిహేను వేలు

నాగావళి తీరం, శ్రీకాకుళం

అందరికీ నమస్కారం. మా చెల్లి ఎచ్చెర్లలో బీటెక్ రెండో సంవత్సరంలోకి వచ్చింది. సెలవుల్లో ఇంట్లో ప్రోగ్రాములు రాసుకోవడానికి కంప్యూటర్ కావాలి. ఈ ఏడాది ల్యాప్‌టాప్ కొనే పరిస్థితి లేదు. పదిహేను వేలు పెట్టగలను.

ఇంట్లో రెండు పెట్టెలు ఉన్నాయి. ఒకటి నాన్న వాడుతున్నది: హెచ్61 మదర్‌బోర్డు, ఐ3-2100 ప్రాసెసర్, డీడీఆర్3 4 జీబీ ర్యామ్ ఒకటి, 500 జీబీ హార్డ్ డిస్క్, ఊరూపేరూ లేని 450 వాట్ల ఎస్ఎంపీఎస్ (పెట్టెకు కరెంటు అందించే భాగం). ఒక్కోసారి ఆన్ అవుతుంది, ఒక్కోసారి ఫ్యాన్ రెండు చుట్లు తిరిగి ఆగిపోతుంది. ఆన్ అయినా పని మధ్యలో బిగుసుకుపోతుంది. తేదీ ఎప్పుడూ తప్పే, దాంతో సగం వెబ్‌సైట్లు తెరుచుకోవు. రెండోది మామయ్య ఆఫీసులో పక్కన పెట్టేసిన డెల్ ఆప్టిప్లెక్స్ 3020, సన్నపాటి పెట్టె. ఐ5-4590, 4 జీబీ ర్యామ్. హార్డ్ డిస్క్ తీసేసి ఇచ్చారు. ఇవి కాక ఒక సంచిలో పాత ల్యాప్‌టాప్ ర్యామ్ 4 జీబీ, జీటీ 710 గ్రాఫిక్స్ కార్డు, పనిచేయని యూపీఎస్, వీజీఏ మాత్రమే ఉన్న 19 అంగుళాల మానిటర్ ఉన్నాయి.

నా ఆలోచన ఇది. నాన్న పెట్టె పెద్దది, లోపల గాలి బాగా ఆడుతుంది. డెల్‌లోని ఐ5 తీసి దాంట్లో బిగించి, కొత్త ఎస్ఎంపీఎస్ పెడితే సరిపోతుందా?

గంటస్తంభం డీటీపీ, విజయనగరం

ప్రాసెసర్ సంగతి తరువాత చూద్దాం. ముందు నాన్నగారి హార్డ్ డిస్క్‌ను ఆ పెట్టెలోంచి బయటకు తీయండి. ఆగి ఆగి ఆన్ అయ్యే ఎస్ఎంపీఎస్ మీద డిస్క్‌ను నడపడం ప్రమాదం. అందులో ఇంటి ఫొటోలు, పొలం కాగితాల స్కాన్లు ఉండే ఉంటాయి. బోర్డు పోతే ఇంకొకటి దొరుకుతుంది, అవి దొరకవు. వాటిని రెండు చోట్ల కాపీ చేసుకునేదాకా ఇంకే పనీ మొదలుపెట్టకండి.

పాలకొండ రోడ్ సర్వీసు, శ్రీకాకుళం

డీటీపీ గారు చెప్పిందే మొదటి పని.

ఇక ప్రాసెసర్. ఐ5-4590 మీ హెచ్61 బోర్డులో కూర్చోదు. హెచ్61లో సాకెట్, అంటే ప్రాసెసర్ కూర్చునే గూడు, 1155 రకం, రెండో తరం, మూడో తరం ప్రాసెసర్లకు. 4590 నాలుగో తరం, దాని సాకెట్ 1150. పైనుంచి చూస్తే రెండూ ఒకేలా ఉంటాయి కానీ పక్కన గాట్ల స్థానం వేరు. బలవంతంగా నొక్కితే సాకెట్‌లో వెంట్రుకంత సన్నని పిన్నులు వంగిపోతాయి, దాంతో ఆ బోర్డు పోయినట్టే. ఎవరి దగ్గరైనా పాత బోర్డు కొనేటప్పుడు ఫోను లైటు ఏటవాలుగా వేసి సాకెట్‌లోకి చూడండి. పిన్నులన్నీ ఒకే తీరుగా మెరవాలి. ఒక్కచోట మెరుపు తప్పినా, ఒక గీత అటూ ఇటూ అయినా అక్కడ పిన్ను వంగిందని అర్థం. ఆ బోర్డు ఉచితంగా ఇచ్చినా తీసుకోకండి.

అటు నుంచి ఇటు చేయడమూ కుదరదు. నాన్నగారి పెద్ద ఎస్ఎంపీఎస్ డెల్‌కు పెడదామంటే దాని బోర్డుకు మామూలు 24 పిన్నుల ప్లగ్గు లేదు, 8 పిన్నులది ఉంటుంది. ఆ సరఫరా నుంచి వచ్చేది 12 వోల్టులే. హార్డ్ డిస్క్‌కు కావలసిన 5 వోల్టులను బోర్డే తయారుచేసి ఇస్తుంది, అందుకే డిస్క్‌కు కరెంటు తీసుకెళ్లే సాటా పవర్ తీగలు కూడా బోర్డు నుంచే బయలుదేరతాయి. కంపెనీ పెట్టెలను విడదీసి వేరే పెట్టెలో బిగించాలనుకునేవారు ముందు చూసుకోవలసింది ఇదే.

కాబట్టి డెల్‌ను డెల్‌గానే ఉంచండి. నాలుగు కోర్ల ప్రాసెసర్, ఆ పెట్టెకు సరిపడా సరఫరా, మీ మానిటర్‌కు కావలసిన వీజీఏ పోర్టు అన్నీ అందులోనే ఉన్నాయి. దానికి రెండే కావాలి: సాటా ఎస్ఎస్‌డీ (హార్డ్ డిస్క్ బదులు వాడే వేగమైన డ్రైవ్) ఒకటి, ర్యామ్ ఇంకొంచెం. నాన్నగారి పెట్టెలోని డీడీఆర్3 ర్యామ్ దీనికి సరిపోతుంది. రెండింటి వేగాలు వేరైనా తక్కువ వేగంలో కలిసి నడుస్తాయి. 4, 4 కలిస్తే 8. ల్యాప్‌టాప్ ర్యామ్ పొట్టిది, 204 పిన్నులు. డెస్క్‌టాప్‌ది 240. అది దీనికి పనికిరాదు.

రాజాం రెండో బెంచి

అన్నా, నాది కాస్త వేరే మాట. 2013, 2014 నాటి యంత్రం మీద డబ్బు పెట్టడం ఎందుకు? రైజెన్ 5 5600జీ తీసుకుంటే ఆరు కోర్లు, పన్నెండు త్రెడ్లు, గ్రాఫిక్స్ లోపలే ఉంటుంది. ఏ520 బోర్డు చవకలో దొరుకుతుంది. విండోస్ 11 ఏ ఇబ్బందీ లేకుండా ఎక్కుతుంది. డిగ్రీ అయ్యేదాకా చూసుకోనక్కర్లేదు. ఆ పాత పెట్టె మీద విండోస్ 10 వేద్దామన్నా 2025 అక్టోబరు 14తో దాని మద్దతు అయిపోయింది. విండోస్ 11కు ఇంటెల్ అయితే ఎనిమిదో తరం, టీపీఎం 2.0 అనే భద్రతా భాగం ఉండాలి. నాలుగో తరం ఆ జాబితాలోనే లేదు. మా హాస్టల్లో పాతవి కొన్నవాళ్లు మళ్లీ కొంటున్నారు.

పాలకొండ రోడ్ సర్వీసు, శ్రీకాకుళం

తమ్ముడూ, 5600జీ మంచి ప్రాసెసర్, కాదనను. బడ్జెట్ పెరిగిన రోజున నేనూ అదే చెబుతాను. లెక్క మాత్రం మొత్తం వేసి చూడు. ప్రాసెసర్, బోర్డు, డీడీఆర్4 ర్యామ్, ఎస్ఎస్‌డీ, నమ్మదగిన ఎస్ఎంపీఎస్, క్యాబినెట్. ఏఐ డేటా సెంటర్ల గిరాకీ వల్ల 2025 చివరి నుంచి ర్యామ్ ధర ఎంత పెరిగిందో నీకూ తెలుసు. ఇవన్నీ కలిపి పదిహేను వేలలో ముగియవు. ముగించాలంటే ఎక్కడో ఒకచోట కోత పెట్టాలి. దుకాణాల్లో ఆ కోత ఎప్పుడూ ఎస్ఎంపీఎస్ మీదే పడుతుంది. అక్కడే నాకు కోపం వస్తుంది.

నాన్నగారి పెట్టెలో ఉన్నలాంటి ఎస్ఎంపీఎస్‌ను తిప్పి దాని మీది పట్టీ చదవండి. పైన పెద్ద అక్షరాల్లో 450 వాట్లు అని ఉంటుంది. కింద 12 వోల్టుల వరుసలో ఎన్ని ఆంపియర్లు రాశారో చూడండి. 14 అని ఉంటే 12ను 14తో హెచ్చించండి, 168 వాట్లు. ఈ రోజుల్లో ప్రాసెసర్, గ్రాఫిక్స్ కార్డు తాగేది దాదాపు అంతా 12 వోల్టుల నుంచే. కాబట్టి మీ పెట్టెకు నిజంగా అందేది 168, దాన్ని కూడా నమ్మలేం. మంచి 450 వాట్ల ఎస్ఎంపీఎస్‌లో 12 వోల్టుల వరుస ఒక్కటే 400 వాట్లు దాటుతుంది. చేత్తో ఎత్తి చూసినా బరువులో తేడా తెలుస్తుంది.

ఇంకొక మాట. ఎస్ఎంపీఎస్ ప్లగ్గులోని ఆకుపచ్చ తీగను నల్ల తీగతో కలిపి, ఫ్యాన్ తిరిగింది కాబట్టి ఎస్ఎంపీఎస్ బాగుందని కొందరు ఇచ్చేస్తుంటారు. ఫ్యాన్ తిరగడానికి బలం అక్కర్లేదు. బోర్డుకు కలిపి, ప్రాసెసర్‌తో పని చేయిస్తూ మల్టీమీటర్ పెట్టి చూడాలి. 12 వోల్టులు 11.4కు, 5 వోల్టులు 4.75కు దిగువన పడిపోతే ఆ ఎస్ఎంపీఎస్‌ను పక్కన పెట్టేయాలి.

నాగావళి తీరం, శ్రీకాకుళం

పట్టీ చూశాను. 12 వోల్టుల దగ్గర 13 ఆంపియర్లు అని ఉంది. హార్డ్ డిస్క్ బయటకు తీశాను. పక్కింటి తమ్ముడి దగ్గర యూఎస్‌బీ డాక్ (డిస్క్‌ను బయటి నుంచి కలిపే పరికరం) ఉంటే దాంతో ఫొటోలన్నీ కాపీ అవుతున్నాయి.

విండోస్ సంగతి ఏమిటి మరి? రాజాం తమ్ముడు చెప్పింది నిజమే కదా. చెల్లికి విండోస్ లేకుండా గడుస్తుందా?

గంటస్తంభం డీటీపీ, విజయనగరం

నా విషయం చెబుతాను, మీకు పోల్చుకోవడానికి వీలవుతుంది. నా దుకాణంలో విండోస్ తప్పదు. పెళ్లి పత్రికలు, కరపత్రాలు, సిరిమాను పండుగకు ఫ్లెక్సీలు అన్నీ అను అనే తెలుగు ఫాంట్లతోనే చేస్తాం. పాత ఫైళ్లు ఇప్పటికీ పేజీలు కూర్చే పేజ్‌మేకర్ 7లో ఉన్నాయి. అది 2001లో వచ్చింది, తరువాత ఇంకో పెద్ద వెర్షన్ రాలేదు. వాటికోసం ఒక యంత్రాన్ని ఇంటర్నెట్ తీగ తీసేసి విడిగా ఉంచాను. పెన్‌డ్రైవ్ కూడా ముందు ఇంకో యంత్రంలో పరీక్షించాకే దానికి పెడతాను. ఇంటర్నెట్ వాడే యంత్రం మాత్రం విండోస్ 11 సక్రమంగా నడిచేది కొనుక్కున్నాను. భద్రతా అప్‌డేట్లు ఆగిపోయిన యంత్రంలో బ్యాంకు పాస్‌వర్డు కొట్టడం నాకు ఇష్టం లేదు.

మీ చెల్లికి అను ఫాంట్లతో పని లేదు కదా. విండోస్ 10లోనే ఉండాలనుకుంటే ఇళ్లలో వాడేవాళ్లకు అదనపు భద్రతా అప్‌డేట్లు 2026 అక్టోబరు దాకా ఉన్నాయి, ఆ తరువాత లేవు. నాలుగో తరం మీద విండోస్ 11ను దొడ్డిదారిన ఎక్కించే పద్ధతులు ఉన్నాయి, కానీ అలా వేసినదానికి అప్‌డేట్లు ఎప్పటిదాకా వస్తాయో ఎవరూ హామీ ఇవ్వరు. చదువుకునే పిల్లకు అలాంటిది ఇవ్వకండి.

నెల్లిమర్ల కోడ్

అన్నయ్యా, నేను అదే రెండో సంవత్సరం దాటి వచ్చాను కాబట్టి చెబుతున్నాను. సీ, జావా, పైథాన్, డేటాబేస్ ల్యాబు, వెబ్ టెక్నాలజీ: మాకు వచ్చిన ల్యాబుల్లో, విండోస్ బదులు ఉచితంగా వేసుకోగల లైనక్స్ మీద చేయలేనిది ఒక్కటీ లేదు. ఆపరేటింగ్ సిస్టమ్స్ ల్యాబ్ అయితే లైనక్స్‌లోనే చేయించారు. ఇంట్లో లైనక్స్ ఉన్న పిల్లలకు ఆ ల్యాబు భయం ఉండదు.

లైనక్స్ మింట్ 22 వేయండి, తేలికైన ఎక్స్ఎఫ్‌సీఈ రకం. ఉబుంటు 24.04 పునాది మీద వచ్చింది, 2029 దాకా భద్రతా అప్‌డేట్లు వస్తాయి. అంటే తన డిగ్రీ దాటిపోయేదాకా. ఐ5-4590 మీద అది హాయిగా నడుస్తుంది. పెన్‌డ్రైవ్ మీద వేసి, ఇన్‌స్టాల్ చేయకుండానే ముందు నడిపి చూడవచ్చు. వైఫై, శబ్దం, మానిటర్ అన్నీ పనిచేస్తున్నాయో లేదో అక్కడే తెలిసిపోతుంది. తెలుగు కూడా ఇబ్బంది లేదు. ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు అందులోనే ఉంటుంది, సెట్టింగుల్లో చేర్చుకుంటే చాలు.

చెల్లి ఆండ్రాయిడ్ యాప్‌లు రాయాలనుకుంటే మాత్రం 8 జీబీ సరిపోదు. ఆండ్రాయిడ్ స్టూడియో, ఎమ్యులేటర్ (తెరపై నడిచే ఉత్తుత్తి ఫోను) రెండూ తెరిస్తే యంత్రం నత్తలా పాకుతుంది. ఎమ్యులేటర్ బదులు ఫోనునే యూఎస్‌బీతో కలిపి పరీక్షించుకుంటే కొంత నయం.

ఎస్ఎస్‌డీ 512 జీబీ తీసుకోండి, 2.5 అంగుళాల సాటా రకమే. బోర్డు మీదే బిగించే ఎం.2 రకం వేగంగా ఉంటుందని దుకాణంలో చెబుతారు కానీ ఆ డెల్ బోర్డుకు ఎం.2 స్థానం లేదు. అడాప్టర్ పెట్టినా ఆ కాలపు బయోస్ (ఆన్ కాగానే బోర్డులో నడిచే ప్రోగ్రాము) దాని నుంచి బూట్ కాదు. సాటా అయినా తేడా మీకు మొదటి నిమిషంలోనే తెలుస్తుంది. చిన్న చిన్న ఫైళ్లు చెదిరి ఉన్నప్పుడు హార్డ్ డిస్క్ సెకనుకు ఒకటి రెండు ఎంబీ చదవడానికే ఆయాసపడుతుంది. ఆలస్యమంతా అక్కడే. ఇంకో లాభం, రేపు కొత్త యంత్రం కొన్నా ఈ ఎస్ఎస్‌డీ దానిలోకి వెళ్తుంది.

రాజాం రెండో బెంచి

లైనక్స్ సంగతి ఒప్పుకుంటున్నాను అక్కా. ఎస్ఎస్‌డీ ఆన్‌లైన్‌లో కొంటే మాత్రం పేరు విననివి, 2 టీబీ అని చెప్పి నమ్మలేనంత చవకగా అమ్మేవి వద్దు. లోపల ఉండేది కొంచెమే, పెద్దదిగా కనబడేలా మోసం చేస్తారు. నిండేదాకా ఫైళ్లు రాసి తిరిగి చదివి చూస్తేనే బయటపడుతుంది.

ఆ జీటీ 710 కార్డు డెల్‌లో పెట్టవచ్చా?

పాలకొండ రోడ్ సర్వీసు, శ్రీకాకుళం

ఆ సన్న పెట్టెలోకి సగం ఎత్తు పట్టీ ఉన్న కార్డే పడుతుంది. పట్టినా ప్రయోజనం లేదు. 4590 లోపలి గ్రాఫిక్స్ ఆమె పనికి చాలు. 710 పక్కన ఉంచండి, బోర్డులో గ్రాఫిక్స్ పోయినప్పుడు పరీక్షకు పనికొస్తుంది.

ఉద్దానం గాలి, సోంపేట

అందరూ పెట్టె లోపలి సంగతే మాట్లాడుతున్నారు. నేను గోడ ప్లగ్గు సంగతి అడుగుతాను. ఇంట్లో ఎర్త్ ఉందా? మా వైపు ఎన్నో ఇళ్లలో మూడు రంధ్రాల ప్లగ్గు ఉంటుంది, మూడో రంధ్రం వెనక తీగ ఉండదు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు స్తంభాలు వరసగా పడిపోయాయి, రోజుల తరబడి కరెంటు లేదు. ఆ తరువాత చాలా ఇళ్లలో హడావుడిగా వైరింగు చేయించుకున్నారు. ఎర్త్ గొయ్యి తవ్వించే ఓపిక ఎవరికి ఉంది? తీగను కొళాయి గొట్టానికి చుట్టేసినవాళ్లు ఉన్నారు. ఇప్పుడు ఆ గొట్టాలు ప్లాస్టిక్‌వి.

పెట్టెను ముట్టుకుంటే వేలికి జివ్వుమంటే దాన్ని చిన్న విషయంగా తీసుకోకండి. మాది సముద్రం పక్క. ఉప్పు గాలికి పోర్టుల మీద పచ్చటి చిలుము పడుతుంది. అది తుడిస్తే పోతుంది, ఎర్త్ లేకపోవడం తుడిస్తే పోదు.

బొబ్బిలి ఫిజిక్స్

ఉద్దానం వారు అడిగిన ప్రశ్న అందరికన్నా ముఖ్యమైనది. అది ఎందుకు జరుగుతుందో చెబుతాను.

ఎస్ఎంపీఎస్ లోపల కరెంటు వచ్చే దారిలో రెండు చిన్న కెపాసిటర్లు ఉంటాయి. ఒకటి ఫేజు నుంచి పెట్టె లోహానికి, ఇంకొకటి న్యూట్రల్ నుంచి పెట్టె లోహానికి. ఎస్ఎంపీఎస్‌లో పుట్టే విద్యుత్ రొదను ఎర్త్‌లోకి పంపడం వాటి పని. ఎర్త్ ఉన్నంతకాలం వాటిగుండా వచ్చే కొద్దిపాటి కరెంటు నేలలోకి పోతుంది. ఎర్త్ లేనప్పుడు ఆ రెండు కెపాసిటర్లు 230 వోల్టులను మధ్యకు పంచుతాయి. పెట్టె లోహం మీద దాదాపు 115 వోల్టులు నిలబడతాయి. మీటరు పెడితే కనబడుతుంది. కెపాసిటర్లు చిన్నవి కాబట్టి వాటిగుండా పారే కరెంటు స్వల్పం, అందుకే జివ్వుమంటుంది కానీ లాగదు. కానీ ఎర్త్ లేని ఇంట్లో ఇన్సులేషన్ చెడి ఫేజు నేరుగా పెట్టెకు తగిలిన రోజున రక్షణ ఏదీ లేదు, చదువుకునే పిల్ల చెయ్యి దాని మీదే ఉంటుంది.

యంత్రానికి కూడా నష్టమే. ఇలాంటి పెట్టెను టీవీకి హెచ్‌డీఎంఐ తీగతో కలిపినప్పుడు, పెన్‌డ్రైవ్ పెట్టినప్పుడు ఆ తేడా వోల్టేజీ పోర్టు గుండా దారి వెతుక్కుంటుంది. పోర్టులు కారణం లేకుండా పోయాయని వినేవాటిలో కొన్ని ఇలా పోయినవే.

ఎలక్ట్రీషియన్ చేత మూడు కొలతలు తీయించండి: ఫేజు, న్యూట్రల్ మధ్య ఎంత, ఫేజు, ఎర్త్ మధ్య ఎంత, న్యూట్రల్, ఎర్త్ మధ్య ఎంత. మొదటి రెండూ ఇంచుమించు సమానంగా ఉండాలి, మూడోది రెండు మూడు వోల్టులు దాటకూడదు. ఫేజుకు, ఎర్త్‌కు మధ్య వంద చుట్టుపక్కల చూపిస్తే ఆ రంధ్రం వెనక తీగ లేదనే అర్థం. ఎర్త్ ఉన్న ఇంట్లో కూడా ఎండాకాలం గొయ్యిలో నీళ్లు పోయాలి.

నాగావళి తీరం గారూ, మీ పదిహేను వేలలో మొదటి ఖర్చు ఇది కావాలని నా కోరిక.

నాగావళి తీరం, శ్రీకాకుళం

మాస్టారూ, కొలిపించాను. ముందు గదిలో బాగానే ఉంది. చెల్లి చదువుకునే గదిలో ఫేజుకు, ఎర్త్‌కు మధ్య 98 వచ్చింది. స్విచ్ బోర్డు వెనక ఆకుపచ్చ తీగ తెగి వేలాడుతోంది. ఎలక్ట్రీషియన్ కలిపి మళ్లీ కొలిచారు, ఇప్పుడు 229. ఎంతో మేలు చేశారు, మీకూ ఉద్దానం వారికీ కృతజ్ఞతలు.

ఎస్ఎస్‌డీ తెచ్చాను. డెల్ తెరిచి బ్లోయర్‌తో దుమ్ము కొట్టాను. ప్రాసెసర్ మీద పేస్టు సున్నంలా ఎండిపోయి పొడిగా రాలింది. తుడిచి కొత్తది పెట్టాను. నాన్న ర్యామ్ రెండో స్లాట్‌లో పెడితే పవర్ బటన్ లైటు కాషాయ రంగులో మిణుకుతోంది, తెరపై ఏమీ రావడం లేదు. తీసేస్తే మామూలుగా ఆన్ అవుతోంది. స్లాట్ పోయిందా, ర్యామ్ పోయిందా?

పాలకొండ రోడ్ సర్వీసు, శ్రీకాకుళం

రెండింటినీ విడదీసి చూడాలి. ప్లగ్గు తీసేసి, పవర్ బటన్ కొన్ని సెకన్లు నొక్కి మిగిలిన కరెంటు పోనివ్వండి. నాన్నగారి ర్యామ్ బంగారు రంగు పళ్లను పెన్సిలు రబ్బరుతో రెండు వైపులా మెల్లగా రుద్ది, పొడి గుడ్డతో తుడవండి. రబ్బరు పొడి స్లాట్‌లోకి పోకూడదు. తరువాత డెల్‌తో వచ్చిన ర్యామ్ తీసేసి, అది ఉన్న స్లాట్‌లోనే నాన్నగారిది ఒక్కటే పెట్టండి. రెండు కొసల్లో క్లిప్పులు టక్కుమని పడాలి. ఆన్ అయితే ర్యామ్‌ను పరీక్షించే మెమ్‌టెస్ట్86+ పెన్‌డ్రైవ్ మీద వేసి రాత్రంతా నడవనివ్వండి. ఆపై డెల్ ర్యామ్‌ను రెండో స్లాట్‌లో పెట్టి అదే పరీక్ష చేయండి.

నాగావళి తీరం, శ్రీకాకుళం

రుద్దాక ఆన్ అయింది. పొద్దున చూస్తే మెమ్‌టెస్ట్‌లో ఎర్ర వరుసలు నిండిపోయాయి. డెల్ ర్యామ్ రెండు స్లాట్లలోనూ తప్పు లేకుండా నడిచింది.

పాలకొండ రోడ్ సర్వీసు, శ్రీకాకుళం

అయితే నాన్నగారి పెట్టె మధ్యలో బిగుసుకుపోవడానికి కారణం ఆ ర్యామే కావచ్చు. ఒక్క తప్పు వచ్చిన ర్యామ్‌ను కూడా వాడకండి, ఎవరికీ ఇవ్వకండి. అది రాసే ఫైళ్లను నిశ్శబ్దంగా పాడుచేస్తుంది, తెలిసేసరికి ఆలస్యమైపోతుంది.

డీడీఆర్3 కొత్తది కొనకండి. పాతది 8 జీబీ ఒకటి చూడండి. ఆన్‌లైన్‌లో చవకగా కనబడేవాటిలో రెండు రకాలు వదిలేయండి: సర్వర్లకు వాడే ఈసీసీ రిజిస్టర్డ్ రకం, ఏఎండీ బోర్డుల్లో మాత్రమే పనిచేసేవి. రెండో రకంలో ఆ మాట అమ్మకం పేజీలో చిన్న అక్షరాల్లో ఉంటుంది. ఇంటెల్ బోర్డులో పెడితే ఆన్ కాదు.

గంటస్తంభం డీటీపీ, విజయనగరం

నా దగ్గర నాలుగో తరం యంత్రం నుంచి తీసిన 8 జీబీ డీడీఆర్3 ఉంది. మెమ్‌టెస్ట్ చేసి ఇస్తాను. విజయనగరం వచ్చినప్పుడు తీసుకువెళ్లండి, ధర మాట్లాడుకుందాం. మీ 4తో కలిపితే 12 అవుతుంది. రెండు సమానంగా లేకపోయినా పరవాలేదు.

ఆ యూపీఎస్ ఎంతది? 600 వీఏ అయితే లోపల 12 వోల్టులు, 7 ఆంపియర్ అవర్ల బ్యాటరీ ఉంటుంది. బ్యాటరీ ఒక్కటే మార్చి చూడండి. పాతది ఉబ్బి ఉంటే బలవంతంగా లాగకండి. దాన్ని బ్యాటరీ దుకాణంలోనే ఇచ్చేయండి, సీసం కోసం తీసుకుని కొంత తగ్గిస్తారు. చెత్తలో వేయకూడదు.

నాగావళి తీరం, శ్రీకాకుళం

600 వీఏనే. బ్యాటరీ మార్చాను, పనిచేస్తోంది. ర్యామ్ ఆదివారం వచ్చి తీసుకుంటాను. మింట్ ఎక్కింది, చెల్లి అప్పుడే జావా ప్రోగ్రాములు మొదలుపెట్టింది. నాన్న హార్డ్ డిస్క్‌లో స్మార్ట్ వివరాలు (డిస్క్ తన ఆరోగ్యం గురించి రాసుకునే లెక్క) చూస్తే పాడై మార్చిన సెక్టార్లు, అనుమానంగా ఉన్న పెండింగు సెక్టార్లు రెండూ సున్నా. దాన్ని బ్యాకప్‌కు ఉంచుకుంటాం. ఇంత చేసినా డబ్బులో సగానికి పైగా మిగిలింది. అది వచ్చే ఏడాది కొత్త బోర్డుకు దాచమని చెల్లి అంటోంది.

మిగిలింది నాన్న హెచ్61 బోర్డు, ఐ3, క్యాబినెట్. పాత సామాను కొనేవాడు తూకానికి అడుగుతున్నాడు.

చీపురుపల్లి కాటా

తూకానికి ఇవ్వకండి! ఆ బోర్డు వెనక తొమ్మిది పిన్నుల కామ్ పోర్టు ఉందా? నేను లారీల కాటా దగ్గర పనిచేస్తాను. బరువు చూపించే ఇండికేటర్ నుంచి కంప్యూటర్‌కు అంకె వచ్చేది ఆ పోర్టు గుండానే. ఇప్పటి బోర్డుల్లో అది కనబడదు. యూఎస్‌బీ మార్పిడి తీగ వాడుతున్నాం, కానీ ఎవరైనా దాన్ని తీసి పక్క రంధ్రంలో పెడితే పోర్టు నంబరు మారిపోతుంది, సాఫ్ట్‌వేర్‌లో బరువు రాదు, బయట లారీలు వరస కడతాయి. మా సాఫ్ట్‌వేర్ పాత విండోస్ 7 మీదే, ఇంటర్నెట్‌కు కలపం. ఐ3 మాకు కావలసినదానికన్నా ఎక్కువే. నాన్నగారు ఒప్పుకుంటే మంచి ధరకే తీసుకుంటాను.

నాగావళి తీరం, శ్రీకాకుళం

నాన్న సంతోషంగా ఒప్పుకున్నారు. వెనక పోర్టు లేదు కానీ బోర్డు మీద కామ్ అని రాసి, రెండు వరుసల్లో పిన్నులు ఉన్నాయి.

పాలకొండ రోడ్ సర్వీసు, శ్రీకాకుళం

అది చాలు. వెనక పట్టీతో వచ్చే తీగ విడిగా దొరుకుతుంది. ఆ తీగల్లో లోపలి వైరింగు రెండు రకాలు, చూడటానికి ఒకటే. తప్పు రకం పెడితే బోర్డుకు ఏమీ కాదు, అంకెలు మాత్రం రావు. మల్టీమీటర్‌తో చూడండి. మీ బోర్డు పుస్తకంలో పంపే పిన్ను, అందుకునే పిన్ను, గ్రౌండు ఎక్కడున్నాయో ఉంటుంది. అవి తొమ్మిది పిన్నుల ప్లగ్గులో వరసగా 3, 2, 5కు చేరాలి. తరువాత 2ను, 3ను చిన్న తీగతో కలిపి, టెర్మినల్ ప్రోగ్రాములో ఏదైనా కొట్టండి. కొట్టిన అక్షరమే తిరిగి తెరపై కనబడితే పోర్టు బాగున్నట్టు.

కాటా గారూ, బోర్డు మీది నాణెం లాంటి సీఆర్2032 బ్యాటరీ మార్చి తీసుకోండి, తేదీ తప్పు చూపించేది దాని వల్లే. తూకం రసీదు మీద తేదీ తప్పు పడితే గొడవలు మీకే. ఆ ఎస్ఎంపీఎస్, ఆ ర్యామ్ మాత్రం తీసుకోకండి. 4 జీబీ మంచిది ఒకటి నా దగ్గర ఉంది, మెమ్‌టెస్ట్ చేసిన కాగితంతో ఇస్తాను.

చీపురుపల్లి కాటా

కొత్త ఎస్ఎంపీఎస్‌కు మా యజమాని ఒప్పుకున్నారు. ఆదివారం నాగావళి తీరం గారు విజయనగరం వస్తున్నారు కదా, బోర్డు గంటస్తంభం వారి దుకాణంలో ఇచ్చేస్తే అక్కడే తీసుకుంటాను. మా ఇండికేటర్ అంకెలు పంపే వేగం 2400 బాడ్, మా సాఫ్ట్‌వేర్‌లోనూ అదే పెట్టి ఉంచుతాను.